రాత్రి ముహూర్తం, చివరి పంటు: ఒక కోనసీమ పెళ్ళిలో గ్రూప్ ఫోటోల వరస

పెళ్ళికూతురిది మలికిపురం దగ్గర ఊరు. పెళ్ళికొడుకుది వశిష్ఠ గోదావరికి అవతలి ఒడ్డు, నరసాపురం. మాఘమాసం. ముహూర్తం రాత్రి 10 గంటల 40 నిమిషాలకి. ఫంక్షన్ హాలు లేదు. పెళ్ళికూతురి వాళ్ళ పాత మండువా ఇల్లు, పక్కనే కొబ్బరితోటలో మండపం, తోట చివర భోజనాలు. రెండు వైపులా కలిపి ఆరేడు వందల మంది వస్తారని అంచనా.

ఫోటోగ్రాఫర్‌గా నన్ను ఇంటివాళ్ళు అడిగింది ఒక్కటే. "క్యాండిడ్‌లు ఎన్నయినా తీసుకోండి, డ్రోన్ ఎగరేస్తే ఎగరెయ్యండి. చుట్టాల్లో మాత్రం ఎవరూ మిగిలిపోకూడదండి." దీని వెనక ఒక కథ ఉంది. అంతకుముందు ఆ ఇంట్లో జరిగిన పెళ్ళి ఆల్బమ్‌లో మేనత్తలు పెళ్ళికూతురితో కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. అప్పటి ఫోటోగ్రాఫర్ పొగలో, పూల వానలో జంటని బ్రహ్మాండంగా తీశాడు. అవి చూసి అందరూ మెచ్చుకున్నారు కూడా. కానీ ఆ ఇంట్లో ఆల్బమ్ తీసిన ప్రతిసారీ ఆ లేని ఫోటో మాటే వస్తోంది.

మన పెళ్ళిళ్ళలో గ్రూప్ ఫోటోలు మర్యాద వరసలో నడుస్తాయి. ముందు వియ్యాలవారు, తర్వాత ఊరి పెద్దలు, తర్వాత దగ్గర చుట్టాలు, చివర్న స్నేహితులు. దగ్గర చుట్టాలు ఎటూ ఇంట్లోనే ఉంటారు కదా అని వెనక్కి నెడతారు. నేను ఆ వరస పాటించను. ముందు వెళ్ళిపోయేవాళ్ళని ముందు తీస్తాను. రాత్రి పెళ్ళిలో జనం కదలికని నిర్ణయించేది బంతి, అంటే ఒకేసారి వరసగా కూర్చుని తినే విడత. మొదటి బంతిలో చెయ్యి కడిగినవాళ్ళు తలంబ్రాల దాకా ఉంటారనుకోవడం ఆశ. అందుకే ఏ పెళ్ళికైనా పురోహితుడి కంటే ముందు నేను వెతికేది వంటల పెత్తనం చూసే మనిషిని. మొదటి బంతి ఎన్నింటికి వేస్తారు, అందులో ఎవరిని కూర్చోబెడతారు అన్నది తెలిస్తే నా లిస్టు సగం తయారైనట్టే.

ఈ పెళ్ళిలో దానికి తోడు పంటు ఉంది, అంటే మనుషుల్నీ బళ్ళనీ గోదారి దాటించే బల్లకట్టు. నరసాపురం నుంచి సఖినేటిపల్లి రేవుకి పంటు మీద గోదారి దాటితే మలికిపురం దగ్గరే. పంటు ఆగిపోతే పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాకా వెళ్ళి, దిండి వైపు దిగి చుట్టూ తిరిగి రావాలి. కార్లున్నవాళ్ళకి ఫర్వాలేదు. బళ్ళ మీద వచ్చే కుర్రాళ్ళు, ముసలివాళ్ళని వెంటబెట్టుకొచ్చే ఇళ్ళవాళ్ళు మాత్రం ఎనిమిదిన్నరకల్లా తిరిగి రేవులో ఉంటామని ముందే చెప్పేశారు. పైగా అవి అంతర్వేది తీర్థం రోజులు. భీష్మ ఏకాదశి రథానికి వెళ్ళే జనమంతా ఆ రేవు మీదుగా, ఆ రోడ్డు మీదుగానే పోతారు. అంటే పెళ్ళికొడుకు తరఫున దాదాపు సగం మంది తాళి కట్టడం చూడరు. వాళ్ళని స్టేజీ ఫోటోలకి అట్టే పెట్టుకుంటే పోగొట్టుకున్నట్టే.

లిస్టు ఎవరు రాశారు

పెళ్ళికూతురు వాట్సాప్‌లో ఒక లిస్టు పంపింది. అందులో కాలేజీ స్నేహితులు నాలుగు రకాలుగా ఉన్నారు, చుట్టాలందరూ కలిపి "కజిన్స్" అని ఒక్క ముక్క. పెళ్ళికొడుకు పంపినదాంట్లో మూడే మాటలు: ఫ్యామిలీ, ఫ్రెండ్స్, ఆఫీస్. వాళ్ళని తప్పుపట్టను. ఆ వయసులో మా అందరి లిస్టూ అంతే. అసలు లిస్టు పెళ్ళికూతురి పెద్ద మేనత్త దగ్గర దొరికింది. మిగిలిపోయిన శుభలేఖ వెనకాల ఆవిడ పెన్నుతో మామ్మ పేరు పైన రాసి, కింద అయిదు గీతలు గీసింది: ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఒక్కో గీత కింద ఆ ఇంటి అల్లుళ్ళు, కోడళ్ళు, మనవలు. పక్కన మామ్మ పుట్టింటివాళ్ళకి వేరే గీత. అది అక్కర్లేదేమో అన్నాడు పెళ్ళికూతురి తండ్రి. "అదేంట్రా, మా అమ్మకి అన్నదమ్ములు లేరా?" అని ఆవిడ గట్టిగానే అడిగింది. ఆ గీత ఉండిపోయింది.

ఆవిడ పక్కన కూర్చుని నేను అడిగినవి నాలుగు సంగతులు. ఎవరు తొందరగా వెళ్ళిపోతారు. ఎవరు మెట్లెక్కలేరు, ఎక్కువసేపు నుంచోలేరు. ఎవరికీ ఎవరికీ మాటల్లేవు. ఆ రోజు పనిలో ఇరుక్కుపోయేవాళ్ళెవరు. మూడో ప్రశ్నకి జవాబు రావడానికి ఒక కాఫీ పట్టింది. నాలుగోది ఎవరూ అడగరు, కానీ నా అనుభవంలో ఆల్బమ్‌లో కనపడకుండా పోయేది ఎప్పుడూ వాళ్ళే. చదివింపులు రాసే బాబాయ్, వంటల దగ్గర నుంచున్న పెద్దల్లుడు, బీరువా తాళాలు బొడ్లో దోపుకుని తిరిగే పిన్ని. పెళ్ళి వాళ్ళ చేతుల మీద నడుస్తుంది కాబట్టి పిలిస్తే "ఇదిగో వస్తున్నా" అంటారు, రారు. ఈ పెళ్ళిలో అలాంటివాళ్ళని ఎనిమిది మందిని ముందే గుర్తించి, ఒక్కొక్కరికీ ఆ పది నిమిషాలు పని చూసుకునే మనిషిని మేనత్త చేతే చెప్పించాను. చదివింపుల పుస్తకం దగ్గర కూర్చోవడానికి మాత్రం ఎవర్ని పడితే వాళ్ళని ఒప్పుకోరు. ఆ ఇంట్లో డబ్బు వ్యవహారం చూసే ఇంకో మనిషి రెండో అల్లుడే. ఆయన్నే పెట్టాం.

పిలిచేది ఎవరన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. మైకు వద్దని నేను పట్టుబడతాను. మైకులో "చిన్నాన్నగారి కుటుంబం స్టేజీ మీదకి రావాలి" అంటే, పిలవనివాళ్ళకి కూడా వినపడుతుంది. మమ్మల్ని ఎందుకు పిలవలేదన్న లెక్క అక్కడ మొదలవుతుంది. పైగా సన్నాయి మేళం జోరులో సగం మందికి వినపడదు. మనిషి వెళ్ళి భుజం తట్టి పిలవాలి, ఆ మనిషికి అందరి మొహాలూ, వరసలూ తెలియాలి. పెళ్ళికూతురి వైపు మేనత్త కొడుకు, పెళ్ళికొడుకు వైపు అతని చిన్న మావయ్య. ఇద్దరికీ ఒకే లిస్టు కాపీ, ఇద్దరి జేబులో పెన్ను. వచ్చినవాళ్ళకి టిక్కు, రానివాళ్ళకి సున్నా. మా అసిస్టెంట్ల చేత చుట్టాల్ని పిలిపించడం నాకు నచ్చదు. తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన్ని ఇరవై ఏళ్ళ కుర్రాడు "సార్, మీరు ఏ సైడు?" అని అడిగితే ఆ ఫోటోలో ఆయన మొహం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మూడు విడతలు

మొదట అనుకున్నది తేలిక దారి. ముహూర్తానికి ముందే, ఏడింటికి, జంటని స్టేజీ మీద నుంచోబెట్టి రిసెప్షన్ పెట్టేస్తే పంటు జనం కూడా ఫోటో దిగి వెళ్ళొచ్చు. ఈ మధ్య చాలా ఇళ్ళలో అలాగే చేస్తున్నారు. మామ్మ ఒప్పుకోలేదు. జీలకర్ర బెల్లం కాకుండా పక్కపక్కన నుంచోవడం ఏమిటని ఆవిడ అభ్యంతరం. పిల్లలు నవ్వారు గానీ నేను ఆవిడ పక్షమే. తెర తీసిన క్షణాన ఇద్దరి మొహాల్లో వచ్చే ఫోటో పోగొట్టుకుని నాలుగు గ్రూపులు ముందుగా తీయడం నాకూ ఇష్టం లేదు. పురోహితుడుగారు మధ్యేమార్గం చెప్పారు: ఎదురుపడకపోతే చాలు, విడివిడిగా ఎవరి వైపు వాళ్ళు ఎన్ని ఫోటోలు దిగినా దోషం లేదు.

దాంతో మూడు విడతలు పెట్టాం. సాయంత్రం 4:15 నుంచి 5:30 దాకా ఇంటి అరుగు మీద పెళ్ళికూతురు, ఆమె వైపువాళ్ళు. గౌరీపూజకి కూర్చునే లోపు అయిపోవాలి. మగపెళ్ళివారు దిగి, ఎదురుకోలు, పానకాలు అయ్యాక విడిది దగ్గర పెళ్ళికొడుకు, అతని వైపువాళ్ళు. అందులో ముందు పంటు జనం. వాళ్ళకి పెళ్ళికూతురితో ఫోటో ఎలా అన్న ప్రశ్న వచ్చింది. అటువైపు ఆడవాళ్ళు ఎటూ లోపలికెళ్ళి పెళ్ళికూతురికి బొట్టు పెట్టి వస్తారు. ఆ గదిలోనే ఇంకో కెమెరాతో మా టీమ్‌లో అమ్మాయిని పెట్టాం. ఒక్కో ఇంటికి ఒక ఫోటో బదులు రెండు ఫోటోలు వచ్చాయి: ఒకటి పెళ్ళికొడుకుతో, ఒకటి పెళ్ళికూతురితో.

మూడో విడత తలంబ్రాల తర్వాత. ఇది పురోహితుడితో ముందే మాట్లాడుకోవాల్సిన విషయం. ఫోటోగ్రాఫర్లు చాలామంది తంతు మధ్యలో "ఒక్క నిమిషం పంతులుగారూ" అంటారు, ఆయనకి చిరాకు, చూసేవాళ్ళకి చిరాకు. తలంబ్రాలు అయ్యాక హోమానికి సామాను సర్దుకోవడానికి ఆయనకి ఎలాగూ కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధిని ఇరవై నిమిషాలు చేయమని అడిగాను. "పదిహేను" అన్నారు. పదిహేనులో ఎన్ని గ్రూపులు పడతాయో లెక్క వేసుకుని, జంటతో తప్పనిసరిగా ఉండాల్సిన ఏడు గ్రూపులకే దాన్ని కుదించాం. మిగిలినవి మర్నాడు నరసాపురంలో సత్యనారాయణ వ్రతం దగ్గర.

అరుగు

ఈ ఇల్లు తూర్పు ముఖం. నాలుగు దాటాక ముంగిలి మొత్తం ఇంటి నీడలోకి వస్తుంది, ఎదురుగా ఆకాశం తెరిచి ఉంటుంది. గ్రూప్ ఫోటోకి ఇంతకంటే మంచి వెలుగు డబ్బులు పెట్టినా రాదు. డెకరేషన్ వాళ్ళు అరుగు ముందు ఎరుపు, పసుపు షామియానా వేద్దామన్నారు. వేస్తే ఆ రంగంతా మొహాల మీదకి దిగుతుంది, ఆఫీసులో కూర్చుని ఎంత దిద్దినా పట్టుచీర రంగు పాడవకుండా మొహం రంగు మారదు. షామియానాని వీధి గేటు దాకా వెనక్కి జరిపించాం. కొబ్బరితోటలో తీద్దామని పెళ్ళికూతురు ముచ్చటపడింది. తోటలో జంటని తీయొచ్చు, అరవై మందిని తీయలేం. కొబ్బరాకుల నీడ చారలు చారలుగా పడుతుంది. ఒకరి మొహం వెలుగులో, పక్కవాళ్ళ మొహం చీకట్లో. అదే మనిషికి ఒక కన్ను వెలుగులో, ఇంకోటి చీకట్లో.

అరుగు వల్ల ఇంకో లాభం ఎత్తులు. కింద జంపఖానా మీద పిల్లలు, వాళ్ళ వెనక కుర్చీల్లో పెద్దలు, కుర్చీల వెనక నేల మీద నుంచున్నవాళ్ళు, ఆ వెనక అరుగు మీద నుంచున్నవాళ్ళు. నాలుగు వరసలు తేలిగ్గా కుదిరాయి. ప్లాస్టిక్ కుర్చీలు తీయించి, ఇంట్లో ఉన్న పాత చెక్క కుర్చీలు ఏడు, వాటికి ఒకే ఎత్తు బెంచీ ఒకటి వేయించాను.

లెన్స్ లెక్క సులువు, కానీ ముందే వేసుకోవాలి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 35 మి.మీ. లెన్స్‌తో అయిదు మీటర్ల దూరంలో నుంచుంటే ఫ్రేములో పడే వెడల్పు అయిదు మీటర్లకి కాస్త ఎక్కువ. రెండు పక్కలా అరమీటరు వదిలితే, భుజాలు కొంచెం పక్కకి తిప్పి నుంచున్న పది మంది పడతారు. ఒక ఇంటి గ్రూపుకి అది చాలు. మొత్తం గ్రూపుకి ఏడున్నర మీటర్లు వెనక్కి, అంటే ముంగిట్లో ఇరవై అయిదు అడుగులు జరిగాను. వరసకి పదిహేను మంది పట్టారు. దగ్గర్నుంచే 24 మి.మీ.తో లాగేస్తే అందరూ పడతారు, కానీ చివర్న ఉన్నవాళ్ళు అడ్డంగా సాగిపోతారు. చివర్న నుంచునేది ఎప్పుడూ కాస్త ఒళ్ళున్న వదినలే, ఆల్బమ్ చూశాక నన్ను తిట్టేదీ వాళ్ళే.

ఎపర్చర్, అంటే లెన్స్ తెరుచుకునే రంధ్రం, ఎఫ్/8 (అంకె పెరిగితే రంధ్రం చిన్నది, స్పష్టంగా ఉండే లోతు ఎక్కువ). 35 మి.మీ. లెన్స్‌తో ఎఫ్/8 దగ్గర అయిదు మీటర్ల మీద ఫోకస్ పెడితే రెండున్నర మీటర్ల నుంచి వెనకాల అంతా స్పష్టంగా ఉంటుంది. నాలుగు వరసలకి దిగుల్లేదు. జంట ఫోటోలకి వాడే 85 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్‌ని తీయకుండా గ్రూపుల్లోకి వచ్చేవాళ్ళని చూశాను. ఎనిమిది మీటర్ల దూరంలో దానికి స్పష్టంగా ఉండే లోతు ఒక మీటరే. ముందు వరస బాగుంటుంది, వెనక వరసలో మేనమామ మసక.

రెండు బ్యాటరీ ఫ్లాష్‌లు గొడుగులతో రెండు పక్కలా పెట్టాను. పల్లెటూళ్ళో పెళ్ళి రోజు వోల్టేజీ మీద నమ్మకం పెట్టుకోకూడదు. వాటిని ఆరు మీటర్ల దూరానికి జరిపాను. మూడు మీటర్లలో పెడితే ముందు వరసకీ, ఒకటిన్నర మీటరు వెనకున్న వరసకీ మధ్య వెలుగు రెండింతల కంటే ఎక్కువ తేడా. ఆరు మీటర్లలో పెడితే ఆ తేడా ఒకటిన్నర రెట్లకి దిగుతుంది. కెమెరా కంటి ఎత్తు కంటే పైన ఉండాలి కాబట్టి నేను ముక్కాలిపీట ఎక్కి తీశాను.

కళ్ళు మూసేవాళ్ళ గురించి ఒక సరదా లెక్క ఉంది. నిజంగానే పనికొస్తుంది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓకి చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరికి 2006లో గణితంలో ఇగ్ నోబెల్ బహుమతి (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది) దీనికే వచ్చింది. ఇరవై మంది లోపు గ్రూపు అయితే, వెలుగు బాగున్నప్పుడు మనుషుల సంఖ్యని మూడుతో, వెలుగు చాలనప్పుడు రెండుతో భాగించి, అన్ని ఫోటోలు తీస్తే ఒక్కదాంట్లోనైనా అందరి కళ్ళూ తెరిచి ఉండడం దాదాపు ఖాయం. పద్దెనిమిది మందికి అరుగు మీద ఆరు, రాత్రి మండపం మీద తొమ్మిది. అరవై మందికి ఈ లెక్క నడవదు. అక్కడ వరసగా ఓ పదిహేను తీసి, తర్వాత ఒకరిద్దరి మొహాలు పక్క ఫ్రేము నుంచి తెచ్చి పెట్టడమే.

కుర్చీలో ఎవరు

ఈ కేసులో నాకు ఎక్కువ ఆలోచన పట్టింది మామ్మ గురించి. తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. శుభకార్యాల్లో ఆవిడ తనంతట తానే పక్కకి తప్పుకుంటుంది. గ్రూపు అనగానే తలుపు చాటుకి వెళ్ళిపోతుంది, లేదా ఆఖరి వరసలో ఎవరి వెనకో నుంచుంటుంది. ఇలాంటి చోట ఫోటోగ్రాఫర్ ముందుకొచ్చి "మామ్మగారూ, మధ్యలో కూర్చోండి" అనకూడదు. అది ఆ ఇంటివాళ్ళు తేల్చుకోవాల్సింది, అందరి ముందూ ఆవిడ్ని ఇబ్బందిపెట్టడం అవుతుంది. పెళ్ళికూతురితో ముందే మాట్లాడాను. ఆ అమ్మాయి నాకేమీ చెప్పలేదు. ఆ సాయంత్రం తాను వచ్చి కూర్చునే ముందు లోపలికెళ్ళి మామ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, తాను పక్క కుర్చీలో కూర్చుంది. మామ్మ రెండుసార్లు లేవబోయింది. "నువ్వు లేస్తే నేనూ లేచిపోతాను" అంది మనవరాలు. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఆ రెండు కుర్చీలూ కదలకుండా ఒక్కో ఇల్లూ వచ్చి వెనక చేరడం, వెళ్ళడం. ఒక ఇంటికి రెండున్నర నిమిషాలకి మించలేదు. చివర్న అందరూ ఒకేసారి.

పెదనాన్నకీ చిన్న బాబాయ్‌కీ పొలం గట్టు తగువు. మేనత్త చెప్పిన ఉపాయం నేను ఆ తర్వాత కూడా వాడుతున్నాను. వయసుని బట్టి వరస పెట్టెయ్, పెద్దవాడు కుర్చీలో, చిన్నవాడు వెనక నుంచుంటాడు, ఇద్దరి భుజాలూ తగలవు, ఎవరూ అడగరు. వయసు వరస అంటే ఎవరి మీదా వేలు చూపించినట్టు ఉండదు. తీరా ఆ రోజు పెదనాన్న కుర్చీ దాకా వచ్చి, "ఆయ్, నాకెందుకండి, నే నుంచుంటాను" అని తమ్ముడు ఉన్న వరసలోకే వెళ్ళిపోయాడు. మా కుర్రాడు కంగారుగా నా వైపు చూశాడు. మేనత్త చటుక్కున తన మనవడ్ని ఎత్తుకుని ఇద్దరి మధ్యా దూరింది. ఫోటోలో చూస్తే అంతా సహజంగా ఉంది.

ఆ రోజు తప్పిన లెక్కలు

మొదటి విడత అనుకున్న టైముకే అయిపోయింది. రెండోది తలకిందులైంది. రేవులో తీర్థం జనం, పంటుకి ఇవతల అవతల బళ్ళ బారు. మగపెళ్ళివారి కార్లు చించినాడ మీదుగా సాయంత్రం అయిదున్నరకే వచ్చేశాయి. పంటు మీద వచ్చేవాళ్ళు దిగేసరికి ఆరున్నర దాటింది. అప్పటికి వెలుగు లేదు. విడిది ఇల్లు చిన్నది, వీధిలో ట్యూబులైట్లు. అందుకని అరుగు దగ్గరున్న ఫ్లాష్‌లని అక్కడే ఉంచేశాం. పెళ్ళికూతుర్ని గౌరీపూజకి లోపలికి పంపాక పెళ్ళికొడుకుని అదే అరుగు మీదకి తీసుకొచ్చాం. తలుపులు మూశాం కాబట్టి ఎదురుపడే ప్రసక్తి లేదు. చిన్న మావయ్య లిస్టు పట్టుకుని రోడ్డు మీదే నుంచుని, దిగినవాళ్ళని దిగినట్టు చదివింపుల బల్ల మీదుగా అరుగు వైపు మళ్ళించాడు. అలా మళ్ళించడానికి చదివింపుల బల్ల కంటే మంచి చోటు లేదు. ఎవరైనా ఆగి తీరేది అక్కడే. ఫోటో అయ్యాకే భోజనాల దారి. మొదటి బంతి ఏడుంపావుకి లేచింది, అప్పటికే పంటు జనంలో ఎక్కువమంది టిక్కులు పడ్డాయి. రెండు ఇళ్ళవాళ్ళు ఫోటో కాకుండానే ఆకుల ముందు కూర్చున్నారు. తింటున్నవాళ్ళని లేపడం నా వల్ల కాదు. చేతులు కడుక్కునే చోట మా కుర్రాణ్ణి నిలబెట్టాను, ఒక ఇల్లు దొరికింది. రెండో ఇల్లు మర్నాడు వ్రతంలో.

సెల్‌ఫోన్ల గోల గురించి ఒక మాట. నా కెమెరా పక్కన పదిమంది ఫోన్లు ఎత్తితే గ్రూపులో ఒక్కొక్కరి చూపు ఒక్కో వైపు పోతుంది. వద్దంటే గొడవ. "ముందు నాది, తర్వాత మీకు పది సెకన్లు, వాళ్ళని కదలనివ్వను" అని మాట ఇస్తే ఆగుతారు. మాట నిలబెట్టుకోవాలి.

మండపం మీద

మండపం ఎత్తు అడుగున్నర దాటకుండా చూడమని డెకరేషన్ వాళ్ళకి ఇంటివాళ్ళ చేత ముందే చెప్పించాను. నాలుగడుగుల స్టేజీ, పట్టుకోవడానికి ఆసరా లేని మెట్లు ఉంటే మోకాళ్ళ నొప్పులవాళ్ళు కిందే ఉండిపోతారు. వెనకాల ఎల్‌ఈడీ గోడ ఉంది. గ్రూపులు తీసే పదిహేను నిమిషాలు దాన్ని కదలని ఒకే బొమ్మ మీద, వెలుగు తగ్గించి ఉంచమన్నాను. అయినా షట్టర్ వేగాన్ని బట్టి అడ్డచారలు రావచ్చు, వేగాన్ని దానికి తగ్గట్టు చూసుకోవాలి. తిరిగే రంగు లైట్లు ఆర్పించాను. ఒక ఆపరేటర్ మొహం మాడ్చుకున్నాడు. పెళ్ళికూతురి తండ్రి చెప్పాక ఆర్పాడు.

తలంబ్రాలు అయ్యేసరికి ఇద్దరి జుట్టు నిండా పసుపు బియ్యం, బుగ్గల మీద పసుపు. కొంతమంది దాన్ని శుభ్రంగా తుడిపించేస్తారు. నేను కళ్ళ మీదా పెదాల మీదా అంటుకున్న గింజల్ని మాత్రం తోడిపెళ్ళికూతురి చేత తీయించి మిగతాది వదిలేస్తాను. మధుపర్కాల తెలుపు మీద ఫ్లాష్ కాస్త ఎక్కువైతే అంచు జరీ తప్ప నేత మొత్తం పోతుంది. అందుకే తెలుపుకి సరిపడా ఎక్స్‌పోజర్ పెట్టి, నీడలు తర్వాత ఎత్తుకుంటాను.

ఏడు గ్రూపుల్లో మొదటిది పనిలో ఉన్నవాళ్ళది. ఆ వరస చూసి మగపెళ్ళివారిలో ఒక పెద్దాయన "ముందు మమ్మల్ని కదా పిలవాలి" అన్నాడు. వంటల దగ్గర రెండో విడత జనం కూర్చున్నారండి, వాళ్ళు వెంటనే వెళ్ళాలి అని చిన్న మావయ్యే సర్దిచెప్పాడు. అతను అటువైపు మనిషి కాబట్టి ఆ మాట చెల్లింది. నేను చెప్పి ఉంటే చెల్లేది కాదు. ఆ ఫోటోలో వంటల దగ్గర్నుంచి వచ్చిన పెద్దల్లుడి భుజం మీద తువ్వాలు, పిన్ని బొడ్లో తాళాల గుత్తి అలాగే ఉన్నాయి. పెళ్ళికూతురు ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నది ఈ ఫోటోనే. జంట ఒక్కళ్ళే ఉన్నవి వందల కొద్దీ ఇచ్చాను మరి.

కువైట్‌లో ఉన్న అన్నయ్య

పెళ్ళికూతురి సొంత అన్నయ్యకి సెలవు దొరకలేదు. కోనసీమలో ఇది లేని ఇల్లు తక్కువ. లాజహోమంలో పేలాలు పోయడానికి చిన్న బాబాయ్ కొడుకు కూర్చున్నాడు. వాళ్ళమ్మ మాత్రం, "మా వాణ్ణి ఫోటోలో పెట్టెయ్యండి బాబూ, ఇప్పుడన్నీ చేస్తున్నారు కదా" అంది. తంతు ఫోటోల్లో లేని మనిషిని అతికించడానికి నేను ఒప్పుకోను. తల్లిదండ్రులు, పిల్లలు ఉన్న ఒక్క గ్రూపులో పెడతానన్నాను, అదీ ముందే ప్లాన్ చేస్తే.

అరుగు మీద ఆ గ్రూపు తీసినప్పుడు తల్లి వెనకాల, వరస చివర ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంచాను. మధ్యలో ఖాళీ పెడితే పక్కవాళ్ళ భుజాల నీడలు కుదరవు. చివర అయితే ఒక పక్కే చూసుకుంటే సరిపోతుంది. అన్నయ్యకి తీసిన బట్టలు కువైట్ వెళ్తున్న ఊరివాళ్ళ చేత ముందే పంపారు. వాళ్ళ రూములో ఉండే స్నేహితుడికి ఫోన్‌లో చెప్పాను: ఎండ దిగాక ఇంటి నీడలో, సాదా గోడ ముందు. పదిహేను అడుగులు వెనక్కి వెళ్ళి రెండింతల జూమ్ పెట్టు. ఫోన్‌ని తల కంటే కాస్త ఎత్తులో పట్టుకో. తెరిచి ఉన్న ఆకాశం అతనికి ఎదురుగా ఉండాలి. సెల్ఫీ దూరంలో తీసిన ఫోటో అయితే ముక్కు పెద్దది, చెవులు వెనక్కి. ఎంత నైపుణ్యం ఉన్నా గ్రూపులో అతకదు. వాళ్ళు పంపినవాటిలో ఒకటి చక్కగా కుదిరింది. ఖాళీతో ఉన్న అసలు ఫోటోని కూడా విడిగా ఇచ్చాను.

ఆల్బమ్‌లో

మామూలుగా వేసే 12×36 అంగుళాల షీటు మధ్యలో మడత వస్తుంది. గ్రూపులో మధ్యనున్నవాళ్ళు సరిగ్గా ఆ మడతలో పడతారు. ఇక్కడైతే మామ్మ, పెళ్ళికూతురు. పైగా షీటు వెడల్పు ఎత్తుకి మూడింతలు, కెమెరా ఫ్రేము ఒకటిన్నర ఇంతలే. నిండుగా పరిస్తే తలలో కాళ్ళో పోతాయి. సగం షీటు 12×18 మాత్రం కెమెరా ఫ్రేముకి సరిగ్గా సరిపోతుంది. అందుకని మొత్తం గ్రూపుని కుడిపక్క పేజీలో ఒక్కదాన్నే వేసి, ఎదురుగా ఎడమ పేజీలో అయిదు ఇళ్ళ గ్రూపులూ పెట్టాను. ఆ సైజులో ఒక్కో మొహం అంగుళంలో మూడో వంతు మాత్రమే ఉంటుంది. గోడకి వేరే 20×30 ప్రింటు తీయించుకోమన్నాను. అందులో మొహం అర అంగుళం దాటుతుంది, హాల్లో సోఫాలో కూర్చున్నవాళ్ళు గుర్తుపట్టగలరు.

ఫైళ్ళు రెండు కార్డుల్లో పడేలా పెట్టి, ఆ రాత్రే ఇంకో డిస్కులోకి ఎక్కించాం. మేనత్త గీసిన అయిదు గీతల ప్రకారమే ఫోల్డర్లకి పేర్లు పెట్టాను. ఒక్కో ఇంటి గ్రూపునీ వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపాం. మామూలు ఫోటోగా పంపితే అది నాణ్యత తగ్గించేస్తుంది, ప్రింటుకి పనికిరాదు.

ఆ ఇంట్లోనే ఇప్పుడు చిన్న బాబాయ్ కూతురి పెళ్ళి కుదిరింది. లిస్టు మళ్ళీ మేనత్తే రాస్తోంది, మగపెళ్ళివారు రాజోలు వాళ్ళు కాబట్టి పంటు బాధ లేదు. ముహూర్తం మాత్రం పొద్దున్న 9 గంటల ప్రాంతంలో. ఆ వేళకి తూర్పు ముఖం అరుగు మీద ఎండ సూటిగా కళ్ళలోకి కొడుతుంది. అందుకని ఈసారి కుర్చీలు పెరట్లో, ఇంటి పడమటి గోడ నీడలో వేయిస్తున్నాం. అక్కడ అరుగు లేదు. వెనక వరసకి బడి నుంచి బల్లలు అడిగి తెప్పించమని పెదనాన్నకి చెప్పాను.